పడవ కదలకముందే పద్దు వ్రాయుడు

1864లో బందరును ముంచిన ఉప్పెనకు దాదాపు 30,000 మంది బలియైరి. 1977 నవంబరు 19న దివిసీమలో ఊళ్లకు ఊళ్లే కొట్టుకొనిపోయినవి. ఈ రెండు విపత్తులందును సముద్రమే ఊరిమీదికి వచ్చినది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపాను మరియొక తీరున దెబ్బతీసినది. ముందే వేటకు పోయిన మత్స్యకారులు వందలాదిగా సముద్రముమీదనే గల్లంతైరి.

నేడు హెచ్చరికలకు కొదువ లేదు. మచిలీపట్నమున తుపానులను కనిపెట్టు రాడారు కలదు. హైదరాబాదులోని సముద్ర సమాచార కేంద్రము అలల ఎత్తును ముందుగా తెలుపుచున్నది. రేవున ఎగురవేయు 1వ నంబరు సూచిక దూరమున తుపాను ఏర్పడవచ్చుననియు, 10వ నంబరు మహాప్రమాదమనియు చెప్పును. 11వది అంతకు మించిన గాలియని పలువురి భ్రమ. తుపాను హెచ్చరిక కేంద్రముతో సంబంధము తెగినదని దాని అర్థము. అయితే ఇవి ఒడ్డుననున్న వారికి అందినంత సులభముగా పడవకు అందవు. తీరము దాటి కొంతదూరము పోగానే సెల్‌ఫోను మూగబోవును.

కావున తీరగ్రామ పంచాయతీ ఒక పద్దు పుస్తకము నుంచవలెను. పడవ నంబరు, సరంగు పేరు, వెంట పోవువారి పేర్లు, బయలుదేరిన వేళ, తిరిగివచ్చు రోజు, మంచినీరు ఎన్ని దినములకు సరిపోవునో అందు వ్రాయవలెను. వల వేయు చోటు చెప్పుటకు సరంగు ఇష్టపడడు. అది అతని బ్రతుకుతెరువు. బలవంతము వలదు. ఏ దిక్కునకు, ఎన్ని బారల లోతునకు పోవునో చెప్పిన చాలును. చెప్పిన వేళకు పడవ రానిచో తెల్లవారువరకు ఆగక తీర రక్షక దళమునకు 1554 నంబరున తెలుపవలెను.

నాగాయలంక, కోడూరు ప్రాంతముల వారికి కృష్ణ మొగ వద్ద మరియొక గండము కలదు. ఆటు నీరు బయటికి లాగుచుండగా ఎదురుగాలి వీచినచో అలలు నిటారుగా లేచి చిన్న పడవను బోర్లించును. ఇసుక మేటలు చోటు మారుచుండును. పోటు వచ్చువరకు ఆగినవానిని పిరికివాడని నవ్వరాదు.

సముద్రమున గల్లంతైన వాని జాడ ఏడేండ్లు తెలియనిచో మృతుడని భావించుట చట్టమునందలి నియమము. అతడు ఆ దినమున ఆ పడవలో పోయెనని చూపు కాగితము లేక కార్యాలయముల చుట్టు తిరుగు భార్యకు, ఆ పద్దులోని ఒక్క పంక్తి సాక్ష్యమగును.