ఏసీనా, ఫాల్స్ సీలింగా, సున్నమా?

డాబా ఇల్లు, పైన ఇంకో అంతస్తు లేదు, మే నెల. ఈ మూడూ కలిస్తే ఎలా ఉంటుందో మన హాస్టల్ టాప్ ఫ్లోర్ వాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు. ఖమ్మంలో మా ఇల్లు అలాంటిదే. పడమటి వైపు గది నానమ్మది. ఆవిడకి డెబ్బై నాలుగేళ్ళు, బీపీ ఉంది. ఎండాకాలం రాత్రుళ్ళు ఒంటిగంట దాకా నిద్ర పట్టదు. "పైన కుంపటి పెట్టినట్టుందే" అంటుంది.

ఈసారి చిట్టీ పాడితే నలభై వేలు వచ్చాయి. నాన్న ఏసీ అన్నారు. బాబాయ్ ఫాల్స్ సీలింగ్ అన్నాడు. నానమ్మేమో ఏసీ గాలికి కీళ్ళు పట్టేస్తాయని రెండూ వద్దంది. ఎవరి మాట కరెక్టో తేల్చడానికి నేను లెక్కేశాను.

గది 10 అడుగులు బై 12. అంటే దాదాపు 11 చదరపు మీటర్లు. మబ్బు లేని ఎండాకాలం మధ్యాహ్నం ఒక్కో చదరపు మీటరు మీద సుమారు 1000 వాట్ల ఎండ పడుతుంది. అంటే ఆ ఒక్క గది కప్పు మీదే 11 కిలోవాట్లు! ఒకటిన్నర టన్ను ఏసీ బయటికి తోడగలిగేది 5 కిలోవాట్ల చిల్లర. పడిన వేడంతా లోపలికి రాదు. కొంత తిరిగి పైకి పోతుంది, కొంత గాలి తీసుకుపోతుంది. కానీ నాచు పట్టి నల్లబడిన పాత స్లాబు ఎండలో ఎక్కువ భాగం తాగేస్తుంది.

ఇంకో తిరకాసు ఏంటంటే, కాంక్రీటు ఒక బఫర్ లాంటిది. పగలు పీల్చుకున్న వేడిని వెంటనే వదలదు. అది కిందికి దిగడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే బయట గాలి చల్లబడ్డాక కూడా లోపల ఉడుకుతూనే ఉంటుంది. రాత్రి ఎనిమిదికి స్టూలెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనించి చూడండి, తెలుస్తుంది. ఫ్యాను ఆ కప్పు కిందున్న వేడిగాలినే మన మీదికి తోస్తుంది.

ఇలా చూస్తే ఫాల్స్ సీలింగ్ స్లాబుని చల్లబరచదు. వేడి స్లాబుకీ మనకీ మధ్య తెర కడుతుంది, అంతే. కొంత తేడా ఉంటుంది గానీ గది ఎత్తు తగ్గుతుంది, పైన నీళ్ళు కారుతున్నా మరక పడేదాకా కనపడదు. నా ఉద్దేశంలో అది అందం కోసం చేయించుకునేది. (బాబాయ్ ఇది చదవడనే ధైర్యం.)

తెలుపు మాత్రం సమస్యని పైనే ఆపుతుంది. మంచి కూల్ రూఫ్ పెయింటు కొత్తలో ఎండని 80 శాతం వరకూ వెనక్కి కొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీనికోసం ప్రత్యేకంగా కూల్ రూఫ్ పాలసీయే తెచ్చింది. డబ్బు తక్కువైతే సున్నం ఉంది. రాత్రి నానబెట్టి, వడకట్టి, కాస్త ఫెవికాల్ కలిపి రెండు కోట్లు వేస్తారు. వానాకాలంలో కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేసుకోవాల్సిందే.

అయితే ముందు చూడాల్సింది రంగు కాదు, పగుళ్ళు. డాబా మీద నాలుగు బిందెల నీళ్ళు పోసి ఎక్కడ నిలుస్తున్నాయో చూడాలి. నాచు గీకాలి, పగుళ్ళు పూడ్చాలి, ఆ తర్వాతే తెలుపు. పగుళ్ళున్న డాబా మీద సాయంత్రం నీళ్ళు చల్లే అలవాటు కూడా మంచిది కాదు. తడి లోపలికి దిగితే ఊచలు తుప్పు పడతాయి.

పడమటి కిటికీకి లోపల కర్టెన్ వేస్తే లాభం తక్కువ, ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసింది. బయట వట్టివేళ్ళ తడక కట్టాలి. ఇది నానమ్మ ఐడియా, క్రెడిట్ ఆవిడదే.

ఏసీ అస్సలు వద్దని నేననను. వడగాడ్పుల రోజుల్లో పెద్దవాళ్ళకి అది సోకు కాదు, అవసరం. కప్పు చల్లబడితే ఒక టన్నుదే సరిపోవచ్చు, కరెంటు పోయినా గది వెంటనే పొయ్యి అయిపోదు. నాన్న దీనికి ఒప్పుకున్నారు: మార్చిలో పగుళ్ళు, తెలుపు, తడక. మిగిలిన డబ్బు ఏసీ కోసం పక్కన. ఏప్రిల్ చివర్లో నానమ్మ నిద్రని బట్టి కొనాలా వద్దా అన్నది తేలుస్తాం. దుమ్ము పడితే తెలుపు పనిచేయదు కాబట్టి, నెలకోసారి డాబా కడిగే డ్యూటీ నాకే పడింది.