గుండాల వేడినీటి బుగ్గ

తెల్లవారుజామున లేచి ఇంటిల్లిపాదికిని నీళ్లు కాచి యిచ్చుట మన యిండ్లలో ఎవరి పనియో సోదరీమణులకు వేరుగ చెప్పనక్కరలేదు. మా అత్తగారు కాపురమునకు వచ్చినది మొదలు నలువది యేండ్లు ఆ పని చేసిరి. మొదట కట్టెలపొయ్యిపై కాగు, పిమ్మట బొగ్గుల బాయిలరు, ఆ వెనుక గ్యాసుపొయ్యి. నేరేడ్‌మెట్‌లోని మా యింటికి గీజరు వచ్చునప్పటికి ఆమె మోకాళ్లు అరిగిపోయినవి. చలికాలము వచ్చినచో ఒక్క మెట్టు దిగుటకును గోడ పట్టుకొనవలసినదే.

మా ఆడపడుచు జపాను దేశమున ఒసాకా నగరములో కాపురమున్నది. ఒకనాడు ఆమె ఫోనులో, "వదినా, అమ్మను ఒక్కసారి ఇక్కడికి తీసికొని రండి. వేడినీటి బుగ్గలున్న ఊరికి అందరము పోయి నాలుగు దినములుందము" అని పిలిచినది. ఆ దేశమున అట్టి ఊళ్లు వేలకొలదిగా నున్నవి. ఆ బుగ్గలను వారు 'ఒన్సెన్' అందురు. ఊటనీటి వేడిమి 25 డిగ్రీల సెంటిగ్రేడునకు తక్కువ కాకుండవలెను, లేదా నిర్ణయించిన లవణములలో ఏదేని తగినంత యుండవలెను. అప్పుడే ఆ పేరు చెల్లునని 1948లో చట్టము సైతము చేసికొనిరి.

వాకయామా ప్రాంతమున కవాయు అను పల్లె యున్నదట. 'కవా' యనగా నది. 'యు' యనగా వేడినీరు. అచ్చట నది యొడ్డున గులకరాళ్లను పారతో త్రవ్వినచో అడుగునుండి వేడినీరు ఊరును. ఊట వేడిమి 70 డిగ్రీలు మించును గనుక, నదిలోని చన్నీటిని కలుపుకొని ఎవరి గుంటలో వారు కూర్చుందురు. చలికాలమున నదిలోనే పెద్ద మడుగు కట్టి, దానికి 'వేయిమంది స్నానము' అని పేరు పెట్టుదురు. చేరువనే కుమానో హొంగూ అను ప్రాచీన దేవాలయము గలదు. ఆ యాత్రామార్గములను 2004లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వముగా గుర్తించిరి.

ఈ మాటలు వినుచున్న అత్తగారు నవ్వి, "ఇందులో వింత యేమున్నదమ్మా? మన భద్రాద్రి దగ్గర గుండాలలో గోదావరి యిసుక త్రవ్వినను వేడినీళ్లే గదా! మా అమ్మ చెప్పెడిది" అనిరి. మావారు అప్పటికే విమానపు ఛార్జీలు లెక్క వేసి నిట్టూర్చుచుండిరి. అంత దూరము కాళ్లు ముడుచుకొని కూర్చుండుట అత్తగారికిని సాధ్యము కాదు. కావున కవాయునకు బదులు గుండాలకే పోవ నిశ్చయించితిమి.

ముక్కోటి ఏకాదశి రద్దీ తగ్గిన పిమ్మట, సంక్రాంతి వెళ్లిన వారమున, సికింద్రాబాదులో రాత్రి రైలెక్కి తెల్లవారకముందే భద్రాచలం రోడ్డు స్టేషనులో దిగితిమి. పేరు భద్రాచలమే గాని ఆ స్టేషను కొత్తగూడెములో నున్నది. అక్కడినుండి పాల్వంచ మీదుగా సుమారు 40 కిలోమీటర్లు బస్సులో పోయి, గోదావరి వంతెన దాటి, భద్రాచలము చేరితిమి. కంచర్ల గోపన్న కట్టించిన కోవెలలో సీతారాములను సేవించుకొని, మరునాటి యుదయమున ఆటోలో గుండాలకు బయలుదేరితిమి. దూరము సుమారు 5 కిలోమీటర్లు. 2014లో సరిహద్దులు మారినప్పుడు భద్రాచల పట్టణము తెలంగాణలో నిలిచినది. గుండాల ఆంధ్రప్రదేశ్‌లోనికి పోయినది. గోదావరికి మాత్రము ఆ భేదము లేదు.

చలికాలమున బ్రహ్మ విష్ణు మహేశ్వరులు ఇచ్చట స్నానమాడుదురని స్థలపురాణము. ఆ ఊరి యువతి యొకతె పార తీసికొని మాతో వచ్చి, ఇసుకలో మోకాటి లోతు గుంట త్రవ్వినది. ముందు చెమ్మ, పిమ్మట సన్నని ఊట, కొంతసేపటికి గుంట నిండ గోరువెచ్చని నీరు. పిల్లలు కేరింతలు కొట్టిరి. మేము పసిబిడ్డల లాలకు నీళ్లు తొలుపునప్పుడు చూచునట్లు మోచేయి ముంచి వేడి సరిచూచితిమి.

అంతలో ఒక చిక్కు వచ్చినది. ఏటి యొడ్డున మరుగు లేదు. మావారును పిల్లవాడును చొక్కాలు విప్పి హాయిగ దిగిరి. అత్తగారు మాత్రము చీర చెంగు సవరించుకొని ఒడ్డుననే నిలిచి, "నేను చూచితిని, చాలును, పోదము" అనిరి. ఇంత దూరము ఎవరికొరకు వచ్చితిమో ఆమెయే పొడికాళ్లతో తిరిగి వచ్చుటయా! మాకు మనసొప్పలేదు. ఆ యువతి పోయి నాలుగు వెదురు గడలు తెచ్చినది. మా సంచిలోని రెండు చీరలను వాని చుట్టు కట్టితిమి. ఆ మరుగున అత్తగారు మోకాళ్లు మునుగునట్లు ఇసుకలో కూర్చుండి, కన్నులు మూసికొని, చాలసేపు పలుకలేదు. తరువాత మెల్లగా, "నాకొరకు ఒకరు నీళ్లు కాచి యుంచుట ఇదే మొదటిసారి" అనిరి. మావారు ఆ మాట విని తల వంచుకొనిరి.

ఈ నీటిని కాచునది భూగర్భపు వేడియే. వాననీరు నేలలోని పగుళ్ల వెంట లోతునకు దిగును. సామాన్యముగ కిలోమీటరు లోతునకు 25 మొదలు 30 డిగ్రీల వరకు వేడిమి హెచ్చును. అట్లు కాగిన నీరు వేరొక పగులు దొరికినచోట మరల పైకి ఉబుకును. జపానులోని పెక్కు బుగ్గలకు అగ్నిపర్వతములు కారణము. గోదావరి లోయలో అవి లేకున్నను భూమి పొరలలోని పగుళ్లే చాలినవి. మణుగూరు చేరువ పగిడేరులో బొగ్గుకై వేసిన బోరునుండి వేడినీరు పైకి రాగా, ఆ వేడితో విద్యుత్తు పుట్టించుటకు సింగరేణి సంస్థ 20 కిలోవాట్ల ప్రయోగ కేంద్రమును నిర్మించినది.

అయినను ఈ నీరు సర్వరోగనివారిణి యని భ్రమపడరాదు. వేడి వలన కండరములు సడలును. బిగిసిన కీళ్లకు కొంతసేపు ఉపశమనము కలుగును. అరిగిన మోకాలు మాత్రము తిరిగి మొలవదు. గర్భవతులు, గుండెజబ్బు గాని రక్తపోటు గాని కలవారు వైద్యుని యడుగక దిగరాదు. మధుమేహము వలన పాదములకు స్పర్శ తగ్గినవారికి కాలునంత వేడియు తెలియదు. వారి కొరకు మరియొకరు నీటిని పరీక్షింపవలెను. భోజనమైన వెంటనే దిగుట, పది పదునైదు నిమిషములకు మించి యుండుట, చప్పున లేచి నిలుచుట మంచివి కావు. ఈ నీటిలో తల ముంచరాదు, ముక్కులోనికి పోనీయరాదు. వెచ్చని నిలువనీటిలో అరుదుగా నైనను ప్రాణాపాయకరమైన సూక్ష్మజీవు లుండవచ్చును. గోదావరిలో లోతు తెలియనిచోట పిల్లలను విడువరాదు. వరదకాలమున ఈ యాత్ర తలపెట్టనే రాదు.

జపానువారి ఆచారము కొంత మనకును గ్రహింపదగినది. వారు ముందు వేరొకచోట ఒడలు శుభ్రముగ కడుగుకొని యే బుగ్గలో దిగుదురు, సబ్బు తగులనీయరు, తలవెండ్రుకలు ముడిచి నీట పడకుండ చూచుకొందురు. మనమును నూనెతలతో, సున్నిపిండితో బుగ్గలో దిగకున్న వెనుక వచ్చువారికి మేలు. స్త్రీలకు వేరుగ స్నానశాల యుండుట ఆ దేశపు బుగ్గలలో సామాన్యము. మన యేటి యొడ్డున నాలుగు తడికల మరుగైన నున్న, ఎందరో ముసలమ్మలు మా అత్తగారివలె చెంగు సవరించుకొని వెనుదిరుగరు.

వేరొక మాటయు చెప్పవలెను. అచ్చటి సత్రములలో గృహిణి వంట చేయదు. పళ్లెరములు ఆమె ముందునకే వచ్చునని మా ఆడపడుచు చెప్పినది. మన యాత్రలలోనన్ననో స్టవ్వు, గిన్నెలు, పోపులపెట్టె మనతోనే ప్రయాణము చేయును. ఊరు మారును గాని పని మారదు. ఈసారి మేము స్టవ్వు తీసికొని పోలేదు. ఒకపూట స్వామివారి అన్నప్రసాదము, మిగిలిన పూటలు పూటకూటింటి భోజనము. పిల్లల బట్టలు మావారే ఉతికిరి. సరిగ పిండలేకపోయిరి గాని ఉతికిరి.

ఇల్లు చేరిన మరునాడు తెల్లవారుజామున స్నానపుగదిలో చప్పుడు విని మేము లేచితిమి. అత్తగారు గోడ పట్టుకొని నిలుచుండి యున్నారు. మావారు గీజరు వేసి, బకెట్టులో నీళ్లు తొలిపి, వేడి సరిపోయినదా లేదా యని మోచేయి ముంచి చూచుచున్నారు.