వార్డులో పుట్టే ప్రశ్న

వైద్య విద్య అనగానే మన ఇళ్లలో ముందుగా మెదిలేవి ప్రవేశ పరీక్ష, ర్యాంకు, సీటు, ఫీజు. బిడ్డ తెల్లకోటు వేసుకున్నాక పాఠాలు చదివి పరీక్షలు గట్టెక్కితే చాలనుకుంటాము. కాని వైద్య విద్యార్థికి మరొక బాధ్యత ఉన్నది. రోగి వద్ద చూసినదానిని ప్రశ్నించడం, దానికి ఓపికతో జవాబు వెదకడం. పరిశోధన అంటే అదే.

అది పెద్ద ప్రొఫెసర్ల పని కదా అని కొందరు తల్లిదండ్రులు అంటుంటారు. 1869లో బెర్లిన్ నగరంలో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల వైద్య విద్యార్థి తన పట్టా కోసం క్లోమాన్ని సూక్ష్మదర్శినిలో పరిశీలించాడు. అందులో దీవుల వలె విడివిడిగా ఉన్న చిన్న కణాల గుంపులు అతనికి కనిపించాయి. వాటి పని ఏమిటో తనకు తెలియదని తన వ్యాసంలోనే నిజాయితీగా రాశాడు. 1888లో, ఆ రహస్యం తెలియకుండానే కన్నుమూశాడు. ఇన్సులిన్ ఆ కణాల నుంచే వస్తుందని తర్వాతి తరాలు గ్రహించాయి. 1921లో టొరంటోలో దానిని వెలికితీసిన ఫ్రెడరిక్ బాంటింగ్‌కు తోడుగా పనిచేసిన చార్లెస్ బెస్ట్ కూడా 22 ఏళ్ల యువకుడే. ఈనాడు మన ఇళ్లలో ఎందరో పెద్దల ప్రాణాలను నిలుపుతున్న మందు వెనుక ఆ యువకుల శ్రమ ఉన్నది.

రోగి ముందే విద్య నేర్పే పద్ధతికి మన చరిత్రలోనూ ఘనమైన ఉదాహరణ ఉన్నది. ప్రఖ్యాత వైద్యుడు అబూబకర్ అర్‌రాజీ చుట్టూ శిష్యులు, వారి వెనుక వారి శిష్యులు వరుసలుగా కూర్చునేవారని ఇబ్నె నదీమ్ నమోదు చేశారు. రోగి ముందుగా ఎదురైనవారికి తన బాధ చెప్పుకునేవాడు. వారికి తెలియకపోతే ఆ ప్రశ్న తర్వాతి వరుసకు వెళ్లేది. ఎవరికీ అంతుపట్టనప్పుడు అర్‌రాజీ స్వయంగా మాట్లాడేవారు. మెదడు పొరల వాపు లక్షణాలున్న కొందరికి రక్తం తీసి, మరికొందరికి తీయక, ఫలితాన్ని పోల్చి చూసినట్లు కూడా ఆయన రాశారు. ఆ చికిత్స నేటి వైద్యంలో నిలవలేదు. పోల్చి చూడాలన్న ఆలోచన మాత్రం నిలిచింది. అయితే నేడు రోగి అనుమతి లేకుండా అటువంటి పరీక్ష జరపడానికి వీలులేదు.

మన దేశంలో భారత వైద్య పరిశోధన మండలి 1979 నుంచి ఎంబిబిఎస్ విద్యార్థులకు స్వల్పకాలిక పరిశోధనా అవకాశం కల్పిస్తున్నది. విద్యార్థి ఒక అధ్యాపకుని పర్యవేక్షణలో సుమారు రెండు నెలలు పనిచేస్తాడు. అతని ప్రశ్న పెద్దది కానక్కరలేదు. ఇంటికి పంపేటప్పుడు ఇచ్చిన చీటీలోని సూచనలు రోగికి అర్థమయ్యాయా? ఫ్రిజ్ లేని ఇంట్లో ఇన్సులిన్‌ను ఎక్కడ దాస్తున్నారు? రమజాన్‌లో ఉపవాసముండే మధుమేహ రోగులు మందుల వేళలను వైద్యుణ్ణి అడిగి మార్చుకుంటున్నారా, తమకు తామే మార్చుకుంటున్నారా? ఇంగ్లీషులో పాఠం నేర్చిన విద్యార్థి, తెలుగులోనో ఉర్దూలోనో బాధ చెప్పుకునే వృద్ధురాలి మాట పూర్తిగా వినగలుగుతున్నాడా? ఇటువంటి ప్రశ్నలకు దొరికే జవాబులు చికిత్సనూ, బోధననూ సరిదిద్దుతాయి.

ఇందులో ప్రమాదమూ లేకపోలేదు. రోగి కోసం కాక, ధ్రువపత్రంలో ఒక పంక్తి కోసం పరిశోధన చేసేవారున్నారు. అడగని రోగిని అడిగినట్లు, రాని ఫలితం వచ్చినట్లు రాయడం పచ్చి అబద్ధం. ఆ అంకెలను నమ్మి మరొక వైద్యుడు చికిత్స చేస్తే నష్టపోయేది ఏ పాపమూ ఎరుగని రోగి.

మన ఇంటివారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఒక విద్యార్థి ప్రశ్నల పత్రంతో వస్తే భయపడకండి. ఇది దేనికోసం, నైతిక సంఘం అనుమతి ఉన్నదా, మా వివరాలు ఎవరు చూస్తారు అని అడగండి. మీ భాషలో వివరించమని కోరండి. కాదనే హక్కు, మధ్యలో మానుకునే హక్కు మీకున్నవి. కాదన్నంత మాత్రాన చికిత్సలో లోటు జరగకూడదు. తృప్తి కలిగితే సహకరించండి. మీరు చెప్పిన సమాచారం ఆ విద్యార్థి చేతిలో అమానతు.

వైద్య విద్య చదివే బిడ్డలున్న తల్లిదండ్రులకు మా విన్నపం ఒకటే. మార్కులు ఎన్ని వచ్చాయని అడిగే నోటితోనే, ఈ వారం ఏ రోగి నీకు ఏ ప్రశ్న మిగిల్చాడని కూడా అడగండి. జవాబు తెలియదని బిడ్డ చెబితే నొచ్చుకోకండి. తెలియదని నిజాయితీగా ఒప్పుకున్నవాడే వెదకడం మొదలుపెడతాడు.