తెర మీద తెలుగు: లినక్స్ డెస్క్‌టాప్‌ను మన భాషకు అమర్చుకోవడం

కంప్యూటరు తెర మీద కనిపించే పట్టీలు, బొమ్మలు, కిటికీలు, మెనూలు అన్నిటినీ కలిపి డెస్క్‌టాప్ అంటున్నాం. లినక్స్‌లో ఇది యంత్రాన్ని నడిపే మూలవ్యవస్థలో భాగం కాదు. దానిపైన విడిగా కూర్చునే ఒక పొర. లీనస్ టోర్వాల్డ్స్ 1991లో లినక్స్ కెర్నెల్‌ను బయటపెట్టిన కొన్నేళ్ళకు, 1996లో కేడీఈ, 1997లో గ్నోమ్ అనే డెస్క్‌టాప్ పథకాలు మొదలయ్యాయి. పాత యంత్రాల మీద కూడా తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటివి మరికొన్ని ఉన్నాయి. ఇల్లు ఒకటే అయినా వాకిలిని ఎవరికి నచ్చినట్లు వారు తీర్చుకున్నట్లే, ఒకే లినక్స్ మీద వీటిలో ఏదైనా పెట్టుకోవచ్చు, పెట్టుకున్నదాని రూపాన్నీ నడవడినీ మార్చుకోవచ్చు. రంగులు, తెర వెనుక చిత్రాలు మార్చడం ఎవరికి వారు నేర్చుకోగలిగిన పని. ఈ వ్యాసం ఉద్దేశం వేరు. ఆంధ్ర, తెలంగాణలకు వెలుపల చదువుకుంటున్న తెలుగు విద్యార్థి ఆ తెరను తన భాషకు ఎలా అమర్చుకోవచ్చో, అందులో భాషాపరంగా గమనించవలసినవి ఏమిటో వివరించడం.

ఎవరికి అవసరం?

పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయాన్నే తీసుకుందాం. విజయనగర కాలంలోనూ ఆ తరువాతా దక్షిణానికి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఇక్కడ ఇంట్లో నేటికీ తెలుగు మాట్లాడుతున్నాయి. బడిలో చదువు తమిళంలో, ఇంగ్లీషులో. 2006లో వచ్చిన చట్టం ప్రకారం 2006-07 నుంచి ఒకటో తరగతి మొదలుకొని తమిళం తప్పనిసరి పాఠ్యాంశమయింది. భాషాల్పసంఖ్యాక వర్గాల పిల్లల సంగతి న్యాయస్థానాల దాకా వెళ్ళింది. ఆ వాదాన్ని అలా ఉంచితే, మన విద్యార్థుల్లో చాలామందికి తెలుగు చెవికి తెలిసిన భాష, కంటికి తెలియని భాష. నాలుకకు వచ్చిన మాట లిపిలో ఎదురైతే పోల్చుకోలేరు.

లిపి నిలవాలంటే అది రోజూ కంటపడాలి. పుస్తకం పట్టుకొని కూర్చునే తీరిక అందరికీ ఉండదు. కాని కంప్యూటరు ముందు కూర్చునేవాడు తెరవడం, మూయడం, దాచడం, వెతకడం, తుడిచేయడం వంటి కొద్దిపాటి మాటలనే దినమంతా చూస్తుంటాడు. ఏ మాట ఎక్కడ ఉంటుందో చేతికి ముందే తెలుసు కనుక అర్థం కోసం తడుముకోనక్కరలేదు. తెలిసిన అర్థానికి తెలియని అక్షరం జోడవుతుంది. వయోజనులకు చదువు చెప్పడానికి ఇంతకంటె అనువైన ఏర్పాటు దొరకదు.

భాషల వరుస

గ్నోమ్‌లో సెట్టింగ్స్ తెరిచి, ప్రాంతం, భాష అన్న పుటలో తెలుగును ఎంచుకొని, ఒకసారి బయటికి వెళ్ళి మళ్ళీ లోపలికి వస్తే మెనూలు తెలుగులో కనిపిస్తాయి. జాబితాలో తెలుగు లేకపోతే ముందు ఆ భాషకు సంబంధించిన ప్యాకేజీని దించుకోవాలి. మాటల భాష వేరు, తేదీలు, అంకెలు, డబ్బు రాసే పద్ధతి వేరు. ఈ రెండింటినీ విడివిడిగా నిర్ణయించుకోవచ్చునని విద్యార్థులు గుర్తుంచుకోవాలి.

అనువాదం ఎప్పుడూ పూర్తిగా ఉండదు. తెలుగు మాట లేనిచోట ఇంగ్లీషు మాట కనిపిస్తుంది. కాని ఇది మార్చరాని నియమం కాదు. గ్నోమ్, ఎక్స్‌ఎఫ్‌సీఈ వంటివి అనువాదాల కోసం గెట్‌టెక్స్ట్ అనే పరికరాన్ని వాడతాయి. దానికి ఒక భాష కాక భాషల వరుసనే ఇవ్వవచ్చు. లాగిన్ సమయంలో చదివే ప్రొఫైల్ ఫైలులో లాంగ్వేజ్ అనే పేరుకు తెలుగు, తమిళం, ఇంగ్లీషుల రెండక్షరాల గుర్తులను ఆ క్రమంలో కోలన్లతో విడదీసి రాస్తే, తెలుగు లేనిచోట తమిళం, అదీ లేనిచోట ఇంగ్లీషు వస్తుంది. తమిళనాడులో పెరిగిన తెలుగు విద్యార్థి బుర్రలో మాటలు వెతుక్కునే వరుస కూడా తరచు ఇదే.

అక్షరరూపం

తెర భాష తెలుగులోకి మారగానే చాలామంది చేసే ఫిర్యాదు, అక్షరాలు నలిగినట్లు ఉన్నాయని. దీనికి కారణం లిపి స్వభావంలోనే ఉంది. తమిళంలో హల్లు మీద పుళ్ళి పెట్టి పక్కన తరువాతి హల్లు రాస్తారు. వరుస అడ్డంగా సాగుతుంది. తెలుగులో రెండో హల్లు ఒత్తుగా మారి కిందికి దిగుతుంది. పైన గుడి, కింద ఒత్తు చేరితే ఒక్క అక్షరమే మూడు అంతస్తులవుతుంది. ఇంగ్లీషును, తమిళాన్ని దృష్టిలో ఉంచుకొని ఇచ్చిన ఎత్తు దీనికి చాలదు. గ్నోమ్‌లో ట్వీక్స్ అనే ఉపకరణంతో మెనూల అక్షర పరిమాణాన్ని మామూలు 11 నుంచి 12కో 13కో పెంచితే ఒత్తులు విప్పారుతాయి. కేడీఈలో ఇందుకు సెట్టింగ్స్‌లోనే ఫాంట్ల పుట ఉంది.

ఏ ఫాంటు అన్నది తరువాతి ప్రశ్న. లోహిత్ తెలుగు, నోటో సాన్స్ తెలుగు మెనూలకు సరిపోతాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన2000, వేమన2000 ఫాంట్లు స్వేచ్ఛగా వాడుకోదగ్గవి. తెర మీద తెలుగు కుదురుగా కనబడని రోజుల్లో అవి చేసిన మేలు పెద్దది. శీర్షికల కోసం చేసిన అలంకార ఫాంట్లను మెనూలకు వాడకపోవడం మంచిది. కొత్త ఫాంటును అందరికీ కాక మీ ఒక్కరికే పెట్టుకోవాలంటే, మీ హోమ్ ఫోల్డరులో చుక్కతో మొదలయ్యే లోకల్ ఫోల్డరు, అందులో షేర్, అందులో ఫాంట్స్ అనే చోట ఉంచితే చాలు. చుక్కతో మొదలయ్యేవి మామూలుగా కనబడవు. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే బయటపడతాయి. టెర్మినల్‌ను మాత్రం ఇంగ్లీషులోనే ఉంచండి. ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి ఇచ్చే ఆ పద్ధతిలో తెలుగు ఇమడదు.

కీబోర్డు

తెలుగు రాయడానికి ముఖ్యంగా రెండు దారులు. మొదటిది, ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ రాస్తే తెలుగుగా మారేది. 1990ల తొలినాళ్ళలో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం తెలుగు విద్యార్థులు ఏర్పరచిన ఆర్‌టీఎస్ పద్ధతి ఈ కోవలోది. ఇంటికి దూరంగా ఉన్నవాళ్ళ అవసరం నుంచి పుట్టిన ఆ పద్ధతి నేటికీ లినక్స్‌లో ఐబస్ ద్వారా దొరుకుతుంది. రెండోది ఇన్‌స్క్రిప్ట్. భారతీయ లిపులన్నిటికీ ఒకే అమరిక ఇవ్వాలన్నది దీని సూత్రం. అచ్చుల గుర్తులు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. తమిళ ఇన్‌స్క్రిప్ట్‌లో క ఉన్న మీట మీదనే తెలుగు క కూడా ఉంటుంది. షిఫ్ట్ పట్టుకొని అదే మీట నొక్కితే ఖ వస్తుంది. త, ప, చ, ట లకూ ఇదే లెక్క.

యూనికోడ్‌లోనూ ఈ సామ్యమే ఉంది. తమిళానికీ తెలుగుకూ చెరి 128 గడులు ఇచ్చారు. తమిళ గడుల్లో క ఏ స్థానంలో ఉందో తెలుగు గడుల్లోనూ అదే స్థానంలో ఉంది. లిపులు చూడడానికి వేరైనా లోపలి వర్ణక్రమం ఒకటేనన్న సంగతి కీబోర్డు మీద వేళ్ళకే తెలిసిపోతుంది. తమిళంలో 1999 నాటి తమిళ్99 అమరికకు అలవాటు పడినవారికి ఇన్‌స్క్రిప్ట్ కొత్తగానే ఉంటుంది. వారు మొదట ఆర్‌టీఎస్‌తో ప్రారంభించవచ్చు. లిపి నేర్చుకోవడమే లక్ష్యమైతే ఇన్‌స్క్రిప్ట్ మేలు. అది ఇంగ్లీషు అక్షరాల ఊతను తీసివేస్తుంది.

నడవడిలో రెండు జాగ్రత్తలు. విండోస్ గుర్తున్న సూపర్ మీటతో పాటు స్పేస్ నొక్కితే అమరికలు మారతాయి. ఒక్కొక్క కిటికీకి ఒక్కొక్క అమరిక గుర్తుండేలా కీబోర్డు సెట్టింగ్స్‌లో చెప్పుకోవచ్చు. ఉత్తరం రాసే కిటికీ తెలుగులో, మిగిలినవి ఇంగ్లీషులో ఉంటాయి. జాబితాలో ఇంగ్లీషు అమరికనే మొదట ఉంచండి. లేకపోతే లాగిన్ దగ్గర పాస్‌వర్డు తెలుగు అక్షరాలుగా పడి తలుపు తెరుచుకోదు.

ఎవరి తెలుగు?

ఇంతవరకు చెప్పినది యంత్రం సంగతి. అసలు ప్రశ్న మాటలది. అనువాదకులు ఫైలును దస్త్రం అన్నారు, సెట్టింగ్స్‌ను అమరికలు అన్నారు. దస్త్రం పారసీ మూలం నుంచి కచేరీల ద్వారా తెలుగులోకి వచ్చిన మాట. నిజాం, కుంపినీ పాలనల్లో ఉన్న ప్రాంతాలవారికి పరిచయమే. రాజపాళయం ఇంట్లో ఆ మాట వినబడకపోవచ్చు. ఇక్కడ ఇంటి మాటలు తెలుగులో నిలిచాయి, కచేరీ మాటలు తమిళం నుంచీ ఇంగ్లీషు నుంచీ వచ్చాయి. కాబట్టి తెలుగు తెర చూసిన విద్యార్థి ఇది మా తెలుగు కాదని అనుకుంటే ఆశ్చర్యం లేదు. ఆ మాటతో తెలుగు తెరను వదిలి ఇంగ్లీషుకు పోవడమే నష్టం.

భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటం వ్యవసాయ పదాలతో 1962లో, రెండోది చేనేత పదాలతో 1971లో వెలువడ్డాయి. పనివాడి నోట ఉన్న మాటను పోగుచేయడం వాటి పద్ధతి. ఆ పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. లినక్స్ అనువాదాలు మామూలు పాఠంగా ఉన్న ఫైళ్ళు: ఒక వరుసలో ఇంగ్లీషు వాక్యం, దాని కింద తెలుగు వాక్యం. వాటిని ఎవరైనా చదవవచ్చు, మెరుగైన మాట సూచించవచ్చు. హైదరాబాదు కేంద్రంగా పనిచేసే స్వేచ్ఛ సంస్థ తెలుగు ముఖంతో లినక్స్‌ను తయారుచేయగలిగింది ఈ వీలు ఉండబట్టే. అనువదించేవారు స్వచ్ఛంద సేవకులు. వాడేవారు లేకపోతే తప్పులు ఎత్తిచూపేవారు ఉండరు, కొత్త వెర్షన్లకు అనువాదం వెనకబడుతుంది, చివరకు జాబితాలో తెలుగు పేరు మాత్రం మిగులుతుంది.

మొదలుపెట్టేవారికి ఒక సూచన. ఉన్న ఖాతాను కదపకుండా అదే యంత్రం మీద మరొక పేరుతో ఖాతా తెరవండి. డెస్క్‌టాప్ మార్పులు ఎవరి ఖాతాలో వారికే ఉంటాయి కనుక ఏమి చెడినా మొదటి ఖాతాకు నష్టం లేదు. తెలుగు ఖాతాలో రోజుకు ఒక గంట పని చేయండి. అర్థం కాని మాటను, మీ ఇంట్లో దానికి వాడే మాటను పక్కపక్కన రాసుకోండి. నెల తిరిగేసరికి ఆ చిన్న జాబితా అనువాదకులకు పంపదగ్గ పత్రమవుతుంది. తమిళనాడు తెలుగు మాండలికాలను అధ్యయనం చేసేవారికి కూడా అది పనికివచ్చే సామగ్రి.