సొరబుర్రలో ఎనిమిది గొట్టాలు

మన పాములవాళ్ల నాగస్వరంలో ఉన్నట్టే సొంపొటన్‌లోనూ ఎండిన సొరబుర్ర ఉంటుంది. బోర్నియో దీవి ఉత్తర కొసన, మలేసియాలోని సబా రాష్ట్రంలో కడజాన్-దుసున్ జనం వాయించే వాద్యమిది. చూపుకు చుట్టరికమే గానీ, పలికే తీరు వేరు. నాగస్వరంలో రీడు గాలికి అదురుతూ తానున్న గొట్టం అంచుకే కొట్టుకుంటుంది. సొంపొటన్ రీడు దేన్నీ తాకదు. తానున్న సన్నని చీలికలోనే అటూ ఇటూ ఊగుతుంది.

తంబునాన్ ప్రాంతంలోని టికొలోడ్ గ్రామం దీని తయారీకి పేరుపడింది. బుర్రలో వెదురు గొట్టాలు రెండు వరుసలుగా గుచ్చి, సందులు తేనెమైనంతో పూడ్చి, గొట్టాలను పేము బద్దలతో కట్టేస్తారు. అసలు పనితనమంతా రీడు దగ్గరే. తాటిజాతి చెట్టు నుంచి తీసిన పలుచని పేడుకు మూడు వైపులా గాటు పెడితే నాలుక తయారవుతుంది. కొన దగ్గర గీకితే బరువు తగ్గి స్వరం పెరుగుతుంది. మొదలు దగ్గర గీకితే బిగువు సడలి స్వరం దిగుతుంది. ఆ స్వరం గొట్టం పొడవుతో పొసగాలి. లేదంటే ఎంత ఊదినా గొట్టం సరిగా పలకదు.

నాలుక ఎటూ పొడుచుకు రాకుండా పేడుతో సమంగా ఉంటుంది కాబట్టి ఊదినా పలుకుతుంది, పీల్చినా పలుకుతుంది. ఊపిరి తీసుకోవడానికి పాట ఆపనక్కర్లేదు.

ఇదే జాతి రీడున్న చైనా వాద్యం షెంగ్ 18వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది. అక్కడివాళ్లు ఇత్తడి నాలుకను విడిగా చేసి పలకకు బిగించారు. అలా బిగించిన నాలుక తన స్వరాన్ని తానే నిలబెట్టుకోగలదు గనక గొట్టాల అవసరం తీరిపోయింది. 1842లో డెబాన్ అనే ఆయన పారిస్‌లో హార్మోనియానికి పేటెంట్ తీసుకున్నాడు. మన పద్యనాటకాల్లో శ్రుతి అందించిన పెట్టె ఆ దారినే వచ్చింది. అయితే ఆ ఇత్తడి నాలుక పలకకు కాస్త పైకి లేచి ఉంటుంది. ఒక వైపు గాలికే బాగా పలుకుతుంది. అకార్డియన్‌లో గాలితిత్తి సాగదీసినా నొక్కినా మోగాలంటే జంట రీడ్లు పెట్టాల్సి వచ్చింది. తాటిపేడుకు ఆ తంటా లేదు. ఈ ఒక్క లెక్కలో పాతదే తెలివైనదని నాకనిపిస్తుంది.

సబాలో మే నెలాఖరున జరిగే కోతల పండుగ కామాతన్‌లో పెద్దపీట కంచు గాంగులదే. సొంపొటన్‌ది మెత్తని గొంతు. దగ్గర కూర్చుని వినాలి. గొట్టాల కొసలూ, మొదలు దగ్గరి చిన్న రంధ్రాలూ వేళ్లతో మూస్తూ తెరుస్తూ ఉంటే ఒకేసారి రెండు మూడు స్వరాలు కలిసి వస్తాయి. ఎనిమిది గొట్టాల్లో పలికేవి ఏడే. ఎనిమిదోదానికి రీడు ఉండదు. కట్ట తూకంగా కుదరడానికే దాన్ని పెడతారు.