మార్కోసు దళమునఁ జేరుట యెట్లు?

రహస్యముగాఁ బనిచేయు సైనికదళములలోఁ జేరుట యెట్లని మన బాలురు పలువురు మమ్మడుగుచున్నారు. నెల్లిమర్లకు దక్షిణమున, భీమునిపట్టణమునందే 2016వ సంవత్సరమున ఐ.ఎన్.ఎస్. కర్ణ యను నౌకాదళ స్థావర మేర్పడెను. అది మార్కోసులను కమాండోలది.

1987లోఁ బుట్టిన యీ దళమున నేరుగాఁ జేరుటకు వీలులేదు. మొదట నౌకాదళమునఁ జేరి, పిమ్మటఁ దమంతటఁ దాము ముందునకు రావలెను. మూడుదినముల దేహపరీక్షయందే పెక్కుమంది తొలఁగిపోవుదురు. నిలిచినవారికి నీటిలో మునిఁగి యీఁదుటయు, పారాషూటుతో విమానమునుండి దుముకుటయు నేర్పుదురు. కాశ్మీరమున ఊలరు సరస్సుపై తీవ్రవాదుల రాకపోకలను గనిపెట్టుచుండుటయు వీరి పనియే.

కీర్తి గోరువారి కిది తగిన చోటు కాదని మా తలంపు. 2008 నవంబరులో బొంబాయి తాజ్ హోటలునఁ బ్రవేశించిన వీరులు సైతము ముఖములు కప్పుకొనియే పత్రికలవారితో మాటలాడిరి. తల్లిదండ్రులారా, కుమారుఁడు జేరినచో, తా నెచ్చటికిఁ బోవుచున్నదియు నతఁడు మీకును జెప్పఁజాలఁడు.