కంప్యూటరు స్మృతినుండి ఒకే దస్త్రమును తొలగించుట

ఒక ఉపాధ్యాయుడు మార్కుల పట్టికలున్న దస్త్రమును కంప్యూటరునుండి పెన్‌డ్రైవులోనికి నకలు చేసెననుకొందము. నకలు సరిగా వచ్చినదో లేదో తెలిసికొనుటకు అసలును, నకలును పోల్చి చూచెను. తేడా ఏమియు లేదని కంప్యూటరు క్షణములో చెప్పెను. ఇంత త్వరగా జవాబు వచ్చుటయే అనుమానింపదగిన విషయము. కంప్యూటరు అసలు పెన్‌డ్రైవును చదివియే ఉండకపోవచ్చును.

లినక్సు వంటి నిర్వహణ వ్యవస్థలు, అనగా యంత్రమునంతను నడుపు మూల ప్రోగ్రాములు, ఒకమారు చదివిన లేక వ్రాసిన దస్త్రమును స్మృతిలో, అనగా ర్యామ్‌లో, అట్టిపెట్టుకొనును. ఈ నిలువకు క్యాష్ అని పేరు. ఇది నగదు కాదు. దాచుట అను అర్థముగల ఫ్రెంచి మాటనుండి పుట్టినది. నిముషమునకు 7,200 మారులు తిరుగు హార్డు డిస్కునకు ఒక్క చుట్టునకు సుమారు 8.3 మిల్లీసెకండ్లు పట్టును. కావలసిన సమాచారము చదువు మొన క్రిందికి వచ్చువరకు సగటున అందులో సగము కాలము వేచియుండవలెను. ర్యామ్‌లోనున్నచో అది సుమారు సెకండులో కోటవ వంతు కాలమునకే అందును. ఇంత తేడా యున్నప్పుడు ఖాళీ ర్యామ్‌ను ఊరక ఉంచుట దండుగ గదా!

ఈ నిలువ పుటల రూపములో నుండును. సాధారణముగా మన బల్లలపైనుండు కంప్యూటరులలో పుటకు 4,096 బైట్లు. కోటి బైట్ల దస్త్రమునకు 2,442 పుటలు కావలెను. చివరిది పూర్తిగా నిండదు. వ్రాయబడియు ఇంకను డిస్కునకు చేరని పుటను ‘మురికి పుట’ అందురు. పేరు అన్యాయమైనదే, ఏలననగా సరిక్రొత్త విషయముండునది ఆ పుటలోనే. మామూలు ఏర్పాటులో లినక్సు, 30 సెకండ్లు దాటిన మురికి పుటలను తానే డిస్కునకు పంపును. పంపిన పిదప అవి శుభ్రమైన పుటలగును గాని, ర్యామ్‌ను విడిచిపోవు. ఉపాధ్యాయునకు జవాబు చెప్పినవి ఈ పుటలే. పెన్‌డ్రైవు చెడియున్నను పోలిక సరిపోయెడిది.

కావున పరీక్షకు ముందు ఆ పుటలను స్మృతినుండి పంపివేయవలెను. దీనివలన డిస్కుమీది దస్త్రము చెరగదు. ర్యామ్‌లోని ప్రతి మాత్రమే పోవును. 2006లో వచ్చిన 2.6.16 లినక్సులో ‘డ్రాప్ క్యాషెస్’ అను ఏర్పాటు కలదు. కాని అది శుభ్రమైన పుటలనన్నిటిని, ఏ దస్త్రమువైనను, ఒక్కమారుగా వదలివేయును. ఒక్క పుస్తకము కొరకు బీరువానంతటిని ఖాళీచేసినట్లు! అందరు వాడుకొను యంత్రముపై ఆ పిదప అందరి పనియు మందగించును. పైగా రూట్ అధికారము లేనివారికి అది అందదు.

ఒకే దస్త్రమునకు వేరు మార్గమున్నది. ‘పోజిక్స్ ఎఫ్‌అడ్వైజ్’ అను పిలుపుద్వారా ప్రోగ్రాము ఆ దస్త్రమును చూపి, ‘డోంట్‌నీడ్’, అనగా ఇది ఇక అక్కరలేదు, అని వ్యవస్థకు చెప్పును. ఆరంభ స్థానమును, పొడవును సున్నగా ఇచ్చినచో దస్త్రమంతయు అని అర్థము. పేరు సూచించునట్లు ఇది సలహాయే గాని ఆజ్ఞ కాదు. మురికి పుటలను వ్యవస్థ వదలదు. వదలినచో వ్రాసినది నశించును. అందుచే ముందుగా ‘ఎఫ్‌సింక్’ పిలుపుతో వానిని డిస్కునకు చేర్చవలెను. ఈ వరుస తప్పినచో సలహా చాలవరకు వ్యర్థము. మరియొక ప్రోగ్రాము తన స్మృతిలోనికి కలుపుకొని వాడుచున్న పుటలును కదలవు.

ప్రోగ్రాము వ్రాయనక్కరలేకుండ ఇదే పని ‘డిడి’ సాధనముతో చేయవచ్చును. 2011లో దానికి ‘నోక్యాష్’ అను సూచన చేర్చబడినది. నకలు చేయవలసిన ఖండముల సంఖ్యను సున్నగా పెట్టినచో ఒక్క బైటునైనను నకలు చేయక, పుటలను మాత్రము పంపివేయును. ఎన్ని పుటలు ర్యామ్‌లో మిగిలినవో ‘ఫిన్‌కోర్’ అను సాధనము చూపును. తరగతిలో దీనిని చూపుట సులభమే: పెద్ద దస్త్రమునొకదానిని రెండుమారులు చదివించి కాలము కొలువవలెను, పుటలను పంపివేసి మూడవమారు కొలువవలెను. మూడవ కొలత మొదటిదానికి దగ్గరగా వచ్చును. డిస్కు వేగమును లెక్కించు విద్యార్థి రెండవ కొలతను వ్రాసికొన్నచో, అతడు కొలిచినది ర్యామ్ వేగమే.

హార్డు డిస్కు లోపల దానికే స్వంతముగా చిన్న స్మృతి యుండును. దానిపై ఈ సలహాకు అధికారము లేదు. పెన్‌డ్రైవునైతే క్రమముగా విడదీసి మరల తగిలించినను దాని దస్త్రముల పుటలు ర్యామ్‌నుండి పోవును. అట్లు ఊడదీయుటకు వీలులేని లోపలి డిస్కు విషయములోనే ఈ సలహా ఎక్కువగా పనికివచ్చుచున్నది.